21 చీటీలు, మూడు లెక్కలు

మా అపార్ట్‌మెంట్‌లో మొత్తం 21 ఫ్లాట్లు, తిరుచానూరు రోడ్డు నించి కొంచెం లోపలికి వస్తే ఉంటాది. ఫిబ్రవరిలో అసోసియేషన్ మీటింగ్ పెట్టినారు. మెయింటెనెన్స్ డబ్బులు కొంచెం మిగిలినాయి, దాంతో ఒక్క పనే అవుతుంది, ఏం చేద్దాం అనేది మాట. బయట గోడలకి పెయింటింగ్ అని కొందరు, మాటిమాటికీ నిలిచిపోయే లిఫ్టు బాగు చేయిద్దామని కొందరు, బోరు ఇంకా లోతుకి దించుదామని కొందరు. వేసవి వచ్చిందంటే మాకు ట్యాంకరే దిక్కు, అది అందరికీ తెలుసు.

చేతులెత్తితే పోయినేడు మాటా మాటా పెరిగింది కాబట్టి ఈసారి చీటీలు రాద్దామని నేనే చెప్పినా. ఒక్కటి కాదు, మూడింటికీ 1, 2, 3 అని వరసగా వేయమన్నా. మన ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల ఎమ్మెల్సీకి ఓటేసినోళ్లకి ఇది అలవాటే, వాళ్లిచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతో అంకెలు వేసి వస్తాం కదా, అట్లనే. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని అందరూ రాసినారు. మూడో ఫ్లోరు పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, చీటీ తొడ మీద పెట్టుకుని, "మూడూ రాయాల్నా నాయనా, రెండోది ఎవురు చూస్తారు" అనింది. చూస్తారు రాయి పెద్దమ్మా అని చెప్పినా.

లెక్కపెడితే మొదటి నంబరు పెయింటింగ్‌కి 9, లిఫ్టుకి 7, బోరుకి 5. సెక్రటరీ సార్ అయిపోయింది పెయింటింగే అన్నారు. నాలుగో ఫ్లోరులో ఉండే రిటైర్డ్ మాస్టారు లేచి, 21లో 9 అంటే సగం కూడా రాలేదు, ఎమ్మెల్సీ కౌంటింగ్‌లో చేసినట్టు తక్కువొచ్చిన దాన్ని ఎలిమినేట్ చేసి ఆ చీటీలు పంచండి అన్నారు. బోరు తీసేసినారు, ఆ 5 చీటీల్లో రెండో నంబరు 4 లిఫ్టుకి, 1 పెయింటింగ్‌కి. అంటే లిఫ్టు 11, పెయింటింగ్ 10. ఇంకేముంది, రెండు వర్గాలై అరుచుకున్నారు, చివరికి కమిటీ వాళ్లు మొదటి లెక్కే ఖాయం చేసి వారంలో పెయింటర్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేసినారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చీటీలు నా దగ్గరే ఉన్నాయి, డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని ఇద్దరిద్దర్ని జత కట్టి చూసినా, మూడోది లేనే లేదనుకుని. పెయింటింగ్‌కి 1 వేసిన 9 మందీ రెండోది బోరే రాసినారు. లిఫ్టుకి వేసిన 7 మందీ రెండోది బోరే. బోరు, పెయింటింగ్ మధ్య పోటీ పెడితే 12-9తో బోరు. బోరు, లిఫ్టు మధ్య పెడితే 14-7తో బోరు. ఎవరితో పెట్టినా బోరే గెలుస్తా ఉంది, మీటింగ్‌లో చూస్తే అందరికంటే ముందు పోయింది బోరే! అవే 21 చీటీలు, మూడు రకాలుగా లెక్కేస్తే ముగ్గురు విజేతలు. 16 మంది చీటీల్లో రెండో స్థానంలో బోరు అని స్పష్టంగా రాసుండాది, దాన్ని ఒక్కరు కూడా చదవలేదు, నాకు బాధ అక్కడే.

ఈ జతల లెక్కకి కాండోర్సే పద్ధతి అని పేరు. కాండోర్సే ఫ్రాన్స్ గణితవేత్త, 1785లో దీని మీద పెద్ద పుస్తకమే రాసినాడు. ఆయనకి చాలా ముందే, 1299లో, రామోన్ యూల్ అనే ఆయన కూడా ఇద్దరిద్దర్ని పోల్చి ఎన్నుకునే పద్ధతి రాసి పెట్టినాడు. కబడ్డీ ఆడినోళ్లకి ఒక్క మాటలో చెప్తా, ఎలిమినేషన్ అంటే నాకౌట్, ఇది లీగ్. ప్రతి టీము ప్రతి టీముతో ఆడాల్సిందే, అన్ని మ్యాచ్‌లూ గెలిచినోడే విన్నర్.

మన రాష్ట్రపతి ఎన్నిక కూడా ప్రాధాన్యత ఓటే, కానీ నాకౌట్ రకం. 1969 అందరికీ గుర్తుండేది, మన అనంతపురం వైపు నీలం సంజీవరెడ్డి గారు, వి.వి.గిరి గారు, సి.డి.దేశ్‌ముఖ్ గారు. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవడానికి కావాల్సింది 4,18,169, ఎవరికీ రాలేదు. కింద ఉన్నోళ్ల ఓట్లు పంచుకుంటా వస్తే రెడ్డి గారికి 91,879 కలిసినాయి, గిరి గారికి 18,562 మాత్రమే, అయినా చివరికి 4,20,077 - 4,05,427తో గిరి గారే గెలిచినారు. అందరూ ఇక్కడ ఆ ఉత్కంఠ గురించే చెప్తారు, నేను చూసేది వేరే. గిరికి, రెడ్డికి మొదటి ఓటేసినోళ్ల రెండో ప్రాధాన్యత ఆ కౌంటింగ్‌లో లెక్కకే రాలేదు, దాని అవసరమే పడలేదు. వాళ్లలో ఎంతమంది దేశ్‌ముఖ్‌ని రెండోగా రాసినారో, ఒక్కొక్కరితో ముఖాముఖి పెడితే ఆయన ఏమయ్యేవాడో ఆ ఫలితంలో ఎక్కడా లేదు. మా బోరు లాగే.

2009లో అమెరికాలో బర్లింగ్టన్ అనే ఊర్లో మేయర్ ఎన్నిక అచ్చం ఇట్లనే అయింది. మొదటి లెక్కలో రైట్ అనే ఆయన ముందు, ఎలిమినేషన్ తర్వాత కిస్ అనే ఆయన గెలిచినాడు, చీటీలు జతలుగా చూస్తే మాంట్రోల్ అనే ఆయన ఆ ఇద్దరి మీదా గెలుస్తాడు, కానీ ఆయన మూడో స్థానంలో ఉండి ముందే పోయినాడు. మరుసటేడు ఆ ఊరోళ్లు ఓటేసి ఆ ఎలిమినేషన్ పద్ధతే తీసేసినారు.

ఈ జతల లెక్కలోనూ ఒక చిక్కుంది, దాచను. ముగ్గురు అన్నదమ్ములు పిల్లల్ని తీసుకుని ఎక్కడికన్నా పోదామనుకున్నారు అనుకోండి. పెద్దాయన కాణిపాకం, తలకోన, హార్స్‌లీ హిల్స్ అని వరస రాసినాడు. రెండో ఆయన తలకోన, హార్స్‌లీ, కాణిపాకం. చిన్నోడు హార్స్‌లీ, కాణిపాకం, తలకోన. ఇప్పుడు కాణిపాకం తలకోనని 2-1తో ఓడిస్తుంది, తలకోన హార్స్‌లీని 2-1తో ఓడిస్తుంది, హార్స్‌లీ మళ్లీ కాణిపాకాన్ని 2-1తో ఓడిస్తుంది, బొంగరం తిరిగినట్టు తిరగడమే. కాండోర్సేనే ఇది కనిపెట్టి చెప్పినాడు. ఇట్లా అయినప్పుడు ఎక్కువ తేడాతో వచ్చిన గెలుపుల్ని నిలబెట్టి బలహీనమైనదాన్ని పక్కన పెట్టే దారులు తర్వాతోళ్లు కనుక్కున్నారు, షుల్జ్ పద్ధతి అట్లాంటిదే, డెబియన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ లీడర్‌ని దాంతోనే ఎన్నుకుంటారు. మా అన్నదమ్ముల లెక్కలో అన్నీ 2-1 సమానమే కాబట్టి అక్కడ చీటీ తీయడం తప్ప దారి లేదు. ఇంకోటి, పోటీదారులు పెరిగితే జతలు పెరుగుతాయి, నలుగురుంటే 6, పదిమందుంటే 45. చేత్తో లెక్క అంటే కష్టమే, కానీ ఇప్పుడు ఫోన్‌లో ఎక్సెల్ లేనోళ్లెవరు చెప్పండి.

ఏప్రిల్‌లో గోడలకి కొత్త రంగు పడింది, బాగుంది కూడా, కాదనను. ఆ రంగు ఆరకముందే బోరులో గాలి రావడం మొదలైంది. తెల్లారి ఐదుకి ట్యాంకర్ వచ్చి పైపు సంప్‌లోకి వేస్తే ఆ శబ్దానికి పైనున్నోళ్లంతా లేచి బకెట్లతో కిందికి వచ్చేది, లిఫ్టు ఎటూ నడవదు కాబట్టి మెట్ల మీదే. ఒకరోజు సెక్రటరీ సారూ నేనూ ట్యాంకర్ పక్కన నిలబడి ఉంటే చీటీల లెక్క కాగితం ఆయనకి చూపించినా. 12-9, 14-7 అని రాసిన చోట వేలు పెట్టి రెండుసార్లు చదివినాడు. ఇది ఆరోజే ఎందుకు చెప్పలేదప్పా అన్నాడు. ఆరోజు నాకే తెలీదు సార్ అన్నా.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. ఈసారి బోరు, లిఫ్టు, సీసీ కెమెరాలు, జనరేటర్, నాలుగు. లాంగ్‌బుక్‌లో ఆరు జతలకీ గీతలు కొట్టి పెట్టుకున్నా, సెక్రటరీ సార్ ఒప్పుకున్నాడు. నిన్న మూడో ఫ్లోరు పెద్దమ్మకి మెట్ల మీద కనపడి నాలుగూ రాయాల పెద్దమ్మా అని చెప్పినా. ఈసారి ఆయమ్మ వేసిన రెండో నంబరు, మూడో నంబరు కూడా అందరి ముందరా గట్టిగా చదువుతా.