పెన్సిల్ పెట్టిన వరస

మూడో అవర్‌లో ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇంకా వదలట్లేదు. చిన్నోడు పడుకున్నాడు, అందుకే కూర్చున్నా.

షెడ్యూలర్ పాఠం, అంటే ప్రాసెసర్ మీద ఎవరి వంతు ఎప్పుడో తేల్చే భాగం గురించి. మా ల్యాబ్ లినక్స్‌లో టైమర్ సెకనుకు 250 సార్లు మోగుతుంది, వంతు అయిపోయిన థ్రెడ్‌ను (ప్రోగ్రామ్‌లో నడుస్తున్న ఒక పనిని) కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అక్కడికక్కడే ఆపి, దాని రిజిస్టర్లన్నీ (ప్రాసెసర్ చేతిలో అప్పటికున్న విలువలు) దాచి ఇంకొకదాన్ని ఎక్కిస్తుంది అని చెప్తున్నా. "మేడమ్, మరి తనను ఆపినట్టు దానికి తెలుస్తదా?" అంది. ఎంత మంచి ప్రశ్న! నోరు తెరిచేలోపు అటెండర్ సర్క్యులర్ పట్టుకొచ్చాడు. సంతకం పెట్టా. రెండు నిమిషాలకు మళ్లీ వచ్చాడు, ల్యాబ్ సిస్టమ్స్ లెక్క ఇప్పుడే కావాలట. సర్క్యులర్‌లో ఉన్నదేమో వచ్చే నెల సంగతి! లంచ్‌లో పంపితే ఏం పోయింది? పిల్లల చూపు ఒకసారి తలుపు వైపు మళ్లితే తిరిగి బోర్డు మీదికి తేవడానికి ఎంతసేపు పడుతుందో ఆఫీసులో ఎవరికీ పట్టదు. ఈ వారం ఒక్క పాఠం తెగకుండా సాగలేదు. ఆ చిరాకులోనే "దానికేం తెలియదమ్మా, కూర్చో" అనేశాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

గడియారం సెంటర్‌లో ఆటో కోసం నిలబడితే నాయిన గుర్తొచ్చాడు. దేవరకొండ కొట్లో ఉద్దెర ఖాతా కూడుతుంటే ఎవరో వచ్చి పావుకిలో చక్కెర అడిగేవాళ్లు. అప్పటిదాకా తేలిన మొత్తాన్ని అట్టముక్క మీద రాసి, ఆ వరస మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి లేచేవాడు. పొట్లం కట్టి, పురికొస చుట్టి తెంపి, చిల్లర ఇచ్చి, వచ్చి పెన్సిల్ ఉన్న చోటి నుంచే కూడేవాడు. పైసా తేడా రాదు. కానీ వెంటనే వేగం అందేది కాదు, పై రెండు వరసలు మళ్లీ చూసుకునేవాడు. థ్రెడ్‌కూ అంతే. రిజిస్టర్లు పొల్లుపోకుండా తిరిగొస్తాయి, కానీ ఈలోపు క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) వేరేవాళ్ల డేటా చేరి ఉంటుంది, తనది మళ్లీ పెద్ద మెమరీ నుంచి తెచ్చుకోవాలి.

మధ్యలో ఆగినట్టు లెక్కలో ఎక్కడా తెలియదు. పక్కన చాయ్ చల్లారితే మాత్రం నాయినకు తెలిసేది.

అంటే నేను చెప్పింది తప్పే. థ్రెడ్ వరసగా కంప్యూటర్ గడియారం చదువుతూ పోతే ఒకచోట పెద్ద ఖాళీ కనిపిస్తుంది. తనంతట తాను తప్పుకున్నది ఎన్నిసార్లో, బలవంతంగా దించింది ఎన్నిసార్లో లినక్స్ విడివిడిగా లెక్క పెడుతుంది కూడా. అడిగితే చెప్తుంది.

ఇందాక చిన్న ప్రోగ్రామ్ రాసి నడిపించా. ఖాళీలు వస్తున్నాయి. రేపు మొదటి అవర్ వాళ్లదే. ముందు ఆ పిల్లతోనే నడిపిస్తా, తలుపు గడియ పెట్టి.