మడమ నేల విడవకుండా

"నటన నేర్చుకోవడానికి సింగపూరు దాకా వెళ్ళాలా?" అని మా అక్క అడిగిన రోజున నేను ఏదో సర్దిచెప్పి లేచి వచ్చేశాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన మనిషికి ఆ అనుమానం రావడంలో తప్పు లేదు. మా ఊళ్ళో వేషం కట్టినవాళ్ళెవరూ నటన నేర్చుకోలేదు. రాత్రుళ్ళు పందిట్లో కూర్చుని చూసి పట్టుకున్నారు. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినా, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయినా, రాయబారం పద్యం ఎత్తుకున్న గొంతు వినిపిస్తే మా వీధి మొత్తం ఆ పందిట్లోనే ఉండేది.

అక్క కొడుకు వెళ్ళాలని ఆశపడుతున్నది సింగపూరులోని ఇంటర్ కల్చరల్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్‌కు. 2000లో కువో పావ్ కున్, టి. శశితరన్ అనే ఇద్దరు నాటకరంగ ప్రముఖులు వేరే పేరుతో దాన్ని ప్రారంభించారు. చదువు మూడేళ్ళు. ఒకవైపు ఆధునిక నటన, వాచికం, శరీర సాధన జరుగుతుంటే, మరోవైపు కేరళ కూడియాట్టం, జపాను నో నాటకం, చైనా బీజింగ్ ఒపెరా, జావా వయాంగ్ వాంగ్ అనే నాలుగు సంప్రదాయాలను ఆయా విద్యల్లో పండిన గురువులు నేర్పుతారు. కొన్ని నెలల్లో కూడియాట్టం వచ్చేస్తుందని ఎవరైనా అనుకుంటే అది ఆ విద్యకే అవమానం. నాకు అర్థమైనంతలో అక్కడి ఉద్దేశం అది కాదు. తనకు అలవాటు లేని నాలుగు రకాల నడకలు నడిచిన తరువాత, తన నడక కూడా ఒక అలవాటేనని నటుడికి తెలిసివస్తుంది.

జావా నాటకంలో మన అర్జునుడూ మన భీముడూ ఉన్నారు. అక్కడ అర్జునుడిది నెమ్మదైన, చూపు వాల్చిన నడక. భీముడివి బారలు చాచిన అంగలు. మాట పలకకముందే పాత్ర ఏదో పాదం చెప్పేస్తుంది. నో నటుడి నడక వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. అతని పాదం నేలను రాసుకుంటూ ముందుకు జారుతుంది. మడమ నేలను విడవదు. అడుగు చివర వేళ్ళు మాత్రం కాస్త లేచి దిగుతాయి. నడుముకు పైభాగం అసలు ఊగదు. చూసేవాడికి మొదట ఇదంతా చాదస్తంగా అనిపించవచ్చు గాని, దాని వెనుక గట్టి కారణం ఉంది. ముఖానికి కొయ్య ముసుగు ఉన్నప్పుడు నటుడికి మిగిలేది ఆ ముసుగు వాలు ఒక్కటే. కొద్దిగా వంచితే దిగులు కమ్ముకుంటుంది, కొద్దిగా ఎత్తితే వెలుగు వస్తుంది. నడకలో ఒళ్ళు ఊగిపోతుంటే ఆ చిన్న కదలిక ఎవరికీ కనబడదు. పెద్ద కదలికలను అణిచిపెట్టేది చిన్న కదలికకు విలువ రావడానికే.

దీన్ని మేడ మీద ప్రయత్నించాము. స్టీలు గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు పోసి, మావాడి అరచేతిలో పెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకు నడవమన్నాను. ఇరవై రెండేళ్ళవాడు, గొంతు ఖంగుమంటుంది, సీసపద్యంలో పెద్ద పాదాన్ని ఒక్క ఊపిరిలో లాగగలడు. నాలుగో అడుగుకే ముంజేయి తడిసింది. ఎనిమిది రోజులు అదే పని చేశాడు. మూడోనాడు విసుగుతో, "మావయ్యా, నాకు నడవడం కూడా రాదంటావా?" అన్నాడు. రాదనే చెప్పాను. అతను ప్రతి అడుగూ తల ముందుకు పొడిచి, మడమతో నేలను కొట్టి వేస్తాడు. స్టేజీ మీద రాజువేషం కట్టినా, దూత వేషం కట్టినా, బజారులో ఉల్లిపాయలు కొనడానికి వెళ్ళినా అదే అడుగు.

మన పద్యనాటకాన్ని చిన్నచూపు చూస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ ఊపిరి, మైకు లేని రోజుల్లో చివరి వరుస దాకా చేరిన ఆ ఉచ్చారణ మావాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చాయి. వాటి కోసం ఎక్కడెక్కడి బళ్ళలోనో పిల్లలు చెమటోడుస్తారు. అయితే మన స్టేజీ నేర్పనిది ఒకటుంది. శ్రీకృష్ణుడు సంధి మాట చెబుతున్నది ధృతరాష్ట్రుడికి. పాడేది మాత్రం పందిటికి. ఆ పక్కన కర్ణుడు కిరీటం సర్దుకుంటూ ఉంటాడు, తన పద్యం వచ్చేదాకా అతనికి ఈ సభతో సంబంధం లేదు. వన్స్ మోర్ అని కేక వస్తే, ప్రాణం విడిచిన పాత్ర కూడా లేచి కూర్చుని ఆ పద్యం మళ్ళీ అందుకుంటుంది. మా నాన్నగారి వేళ్ళు హార్మోనియం మీద ఆ కేక కోసమే కాచుకుని ఉండేవి. గొంతు అంత సాధన చేసిన చోట చెవికి సాధన లేకుండా పోయింది.

నేను కూడా ఒకప్పుడు తర్ఫీదుకు వెళ్ళినవాడినే. చాలా ఏళ్ళ కిందట ఒక పెద్ద ఊళ్ళో నెలరోజుల నటశిక్షణ శిబిరంలో చేరితే, అక్కడి శిక్షకుడు కళ్ళు మూసుకుని సొంత దుఃఖాన్ని తలుచుకోమన్నాడు. అప్పటికి మా నాన్నగారు పోయి ఏడాది కూడా కాలేదు. చివరి రోజు ప్రదర్శనలో ఆయన్నే తలుచుకుని నిజంగానే ఏడ్చాను, ఎక్కిళ్ళు పెట్టి మరీ ఏడ్చాను. ఎదుట ఉన్న పాత్ర ఏమంటున్నదో నాకు వినబడలేదు, నేనన్న మాట రెండో వరుసకు కూడా అందలేదు. ఈ పద్ధతికి మూలపురుషుడని అందరూ చెప్పే రష్యా నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ 1930లలో, తన చివరి ఏళ్ళలో, శారీరక క్రియల మీదనే ఎక్కువగా పని చేశాడని తరువాత చదివి నిట్టూర్చాను. పాత్ర ఈ క్షణంలో ఏమి సాధించాలనుకుంటున్నది, అందుకోసం చేతితో, కాలితో ఏమి చేస్తున్నది అని అడిగితే భావం దాని వెంట వస్తుందని ఆయన నమ్మకం. ఆ శిబిరంలో ఈ సగం ఎవరూ చెప్పలేదు. పోయినవాళ్ళను స్టేజీ మీదకు పిలిపించుకునే పని మావాడి చేత మాత్రం చేయించను.

అక్క ప్రశ్నకు గంజాం జిల్లాలో కొంత జవాబు దొరికింది. మావాణ్ణి వెంటబెట్టుకుని బరంపురానికి అవతల ఒక పల్లెలో ప్రహ్లాద నాటకం చూడటానికి వెళ్ళాను. జలంతర రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరిట నిలిచిన ఈ ఒడియా నాటకం ఇప్పటికీ రాత్రంతా ఆడతారు. వెనుక మెట్లు మెట్లుగా కట్టిన చెక్క అరుగు, పక్కన మద్దెల, ముఖవీణ, తాళాలు. హిరణ్యకశిపుడు పై మెట్టు నుంచి దిగబోతూ ఒక కాలు గాలిలో ఉంచి ఆగాడు. మద్దెల ఆగలేదు, అతనే ఆగాడు. జనం ఊపిరి కూడా ఆగింది. ఆ కాలు దిగిన దెబ్బకు చెక్క మోగింది. నో నటుడు సాధించే నిలకడ, మేము మేడ మీద నీళ్ళు ఒలకబోసుకుంటూ వెతికిన నిలకడ, కొన్ని గంటల ప్రయాణం దూరంలోనే ఉందన్నమాట. తెల్లవారాక ఆ నటుణ్ణి, అక్కడ ఎంతసేపు ఆగాలో మీకెలా తెలుస్తుందని అడిగాను. "మద్దెల చెబుతుంది" అన్నాడు. అంతకు మించి చెప్పలేకపోయాడు, చెప్పవలసిన అవసరం కూడా అతనికి లేదు.

చెప్పవలసిన అవసరం ఉన్నది బడికి. ఉన్న విద్యను విడదీసి, పేరు పెట్టి, మరో దేశంవాడి ఒంటికి అందేలా చెప్పడం దాని పని. లండన్‌లోని రాడా అనే నటనా పాఠశాలలో చదివి వచ్చిన ఇబ్రహీం అల్కాజీ 1962 నుంచి 1977 దాకా ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను నడిపితే, ఆ బడిలోనే చదివిన బి.వి. కారంత్ తరువాత షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌ను కర్ణాటక యక్షగాన పద్ధతిలో ఆడించాడు. దూరం వెళ్ళినవాడు ఇంటిదారిని మరింత బాగా గుర్తుపడతాడని అక్కతో అన్నాను. ఆవిడ వెంటనే ఖర్చు మాట ఎత్తింది. ఉపకారవేతనం సంగతి కనుక్కుంటున్నానని చెప్పాను. అది ఇంకా తేలలేదు.

మొన్న ఆదివారం, తనను తాను చూసుకోవడానికని, మావాడు రాయబారంలోని ఒక పద్యాన్ని రాగం తగ్గించి, ఎదురుగా వేసిన ఖాళీ కుర్చీని ధృతరాష్ట్రుడనుకుని చెబుతుంటే, నేను ఫోనులో వీడియో తీశాను. రెండో పాదం మధ్యలో ఉండగా కింద వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఇదివరకైతే గొంతు పెంచి దాన్ని కప్పేసేవాడు. ఇప్పుడు ఆగాడు, మడమలు నేల మీద అలాగే ఉన్నాయి, ముసలిరాజు ఏదో అడ్డు చెప్పబోతే వింటున్నట్టు కుర్చీవైపే చూస్తూ, కూత పూర్తిగా అణిగేదాకా ఉండి, అప్పుడు మూడో పాదం అందుకున్నాడు. మెట్ల దగ్గర అక్క గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఇంకోసారి తీద్దామా మావయ్యా, కూత పడింది కదా అన్నాడు మావాడు. అవసరం లేదన్నాను.