సునౌలీ గేటు దగ్గర మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు

వినాయక చవితి అయిన వారానికి, నేపాల్‌లో బుద్ధుడు పుట్టిన లుంబినీ చూసొద్దామని నేనూ మా ఆవిడా సికింద్రాబాద్‌లో గోరఖ్‌పూర్ రైలెక్కాం. అక్కణ్ణుంచి సరిహద్దు ఊరు సునౌలీకి బస్సులో మూడు గంటలు. ఒళ్ళు హూనమైపోయింది, దాని గురించి ఇంతకంటే చెప్పను.

నాకు మాత్రం పొద్దున్నుంచీ టెన్షనే. పాస్‌పోర్టులు, ఓటరు కార్డులు, వాటి జిరాక్సులు, అన్నీ ఒక కవర్లో పెట్టుకుని పదిసార్లు తడుముకున్నాను. పరాయి దేశం వెళ్ళడమంటే నాకు తెలిసింది మా అక్క పడ్డ పాట్లే మరి, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్దామంటే మొదటిసారి వీసా రాలేదు, రెండోసారికి బ్యాంకు కాగితాల దగ్గర్నుంచి పెళ్ళి ఫొటోల దాకా మోసుకెళ్ళింది.

సునౌలీలో బస్సు దిగితే లారీల బారు, దుమ్ము, రోడ్డుకి అడ్డంగా ఒక గేటు. అదే సరిహద్దు! సైకిలు హ్యాండిల్‌కి రెండువైపులా కూరగాయల సంచులు తగిలించుకుని ఒకావిడ మాకంటే ముందే అవతలికి వెళ్ళిపోయింది. జవాను మా బ్యాగు వంక ఒకసారి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. కవరు తియ్యనేలేదు. మా వెనకాల వచ్చిన తెల్లవాళ్ళ జంటను మాత్రం స్టాంపు వేయించుకోమని ఇమిగ్రేషన్ ఆఫీసుకి పంపారు, వాళ్ళని చూసి మా ఆవిడ కాస్త గర్వపడింది కూడా.

ఇదంతా 1950 జూలై 31న ఇండియాకీ నేపాల్‌కీ కుదిరిన ఒప్పందం చలవ. దాదాపు 1,750 కిలోమీటర్ల సరిహద్దు, ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు వెళ్ళి ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, వీసా అక్కర్లేదు. ఓటు మాత్రం రాదు.

అవతల వాచీ పావుగంట ముందుకు తిప్పుకుని, మన వందకి వాళ్ళ నూట అరవై తీసుకుని టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఇంత బార్లా తెరిచిపెడితే భయం లేదా అని కొట్టాయన్ని నా వచ్చీరాని హిందీలో అడిగితే నవ్వాడు. "మీరు నూట నలభై కోట్లు, మేం మూడు కోట్లు. భయపడాల్సింది ఎవరు సాబ్?" అన్నాడు. 2015లో ఇండియా నుంచి వచ్చే లారీలు నెలల తరబడి సరిహద్దులో ఆగిపోయినప్పుడు గ్యాస్ దొరక్క కట్టెల పొయ్యి మీద టీ కాచాడట.

అన్నీ బాగున్నాయని అననుగానీ. తిరిగొచ్చేటప్పుడు గేటుకి ఇవతల ఒక చిన్న బూత్ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఒక పిల్లను ఆపి అడుగుతున్నారు, ఆ పిల్లకి పదహారేళ్ళుంటాయేమో. ఎక్కడికి, ఎవరితో, ఆయన నీకేమవుతాడు? పక్కన నిలబడ్డ మగమనిషి ఒక పేరు చెప్పాడు, పిల్ల ఇంకో పేరు చెప్పింది. ఇద్దరినీ పక్కకి తీసుకెళ్ళారు. ఉద్యోగమని చెప్పి ఆడపిల్లల్ని అమ్మేసే ముఠాలకి ఈ దారే దారి. దానికి ఆ ఆవిడ కూరగాయల సైకిలు ఆపితే లాభం లేదు, ఈ ఇద్దరిలాంటి వాళ్ళు ఇంకో పదిమంది కావాలి.

దారంతా నాకు మా అపార్ట్‌మెంట్ నేపాలీ వాచ్‌మన్ గుర్తొచ్చాడు. అందరం బహదూర్ అంటాం, అసలు పేరు అది కాదు, అడగడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఏటా మన దసరాకి, వాళ్ళ దశైంకి, ఊరెళ్ళి నెల తిరక్కుండా వచ్చేస్తాడు. తలుపులు తెరిస్తే వచ్చినవాళ్ళంతా పాతుకుపోతారంటారు గానీ నేను చూసింది దానికి తలకిందులు. పాతుకుపోయింది మా అక్క కొడుకు. అమెరికా వర్క్ వీసా హెచ్‌1బీ మీద పదేళ్ళు దాటాయి, గ్రీన్ కార్డు క్యూలో ఒక్క దేశానికి ఏడు శాతం మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్ళ వంతు ఎప్పటికొస్తుందో తెలియదు, ఇండియా వస్తే వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుపోతానేమోనని కదలడు. తిరిగి రానిస్తారన్న నమ్మకముంటే ఈపాటికి పదిసార్లు వచ్చిపోయేవాడు, ఎవరికి తెలుసు, ఇక్కడే ఉండిపోయేవాడేమో కూడా.

హైదరాబాద్ చేరాక సరిహద్దుకి అవతల భైరహవాలో కొన్న చుర్పీ, అదే వాళ్ళ గట్టి చీజ్, పొట్లం బహదూర్ చేతిలో పెడితే ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, "సాబ్, వచ్చే వారం నుంచి సెలవు" అన్నాడు. ఆ రాత్రే అక్క ఫోన్ చేసింది. ఈసారి సంక్రాంతికి కూడా వాడు రావట్లేదట.