భాకరాపేట ఘాట్‌లో సీవీటీ, మాన్యువల్: ఇప్పటిదాకా తేలింది

రెండూ ఐదో తరం హోండా సిటీలే. నాది ఆరు గేర్ల మాన్యువల్, మా బావది సీవీటీ, అంటే క్లచ్ లేని ఒక రకం ఆటోమేటిక్. ఇంజన్ మాత్రం ఒకటే: 1.5 లీటర్ల పెట్రోల్, 6,600 ఆర్‌పీఎం దగ్గర 121 పీఎస్ పవర్, 4,300 దగ్గర 145 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం). గేర్‌బాక్స్‌ను పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి జత దొరకదు. ఆదివారం తెల్లవారుజామున తిరుపతి దగ్గర చంద్రగిరి దాటి భాకరాపేట వైపు పోతున్నాం. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉండగానే, రెండు బళ్లకూ డోర్ పక్కన స్టిక్కర్‌లో ఉన్నంతే గాలి పట్టిస్తున్నాం. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. అందుకే ఓవర్‌టేక్‌లు లేవు, పందేలు లేవు. బండి స్వభావం తెలుసుకోవడానికి మామూలు వేగం చాలు.

నవంబర్, ఎక్కేటప్పుడు

సీవీటీలో విడి గేర్లుండవు. కోను ఆకారపు పుల్లీలు రెండు, వాటి మధ్య ఉక్కు బెల్టు. పుల్లీ పలకలు దగ్గరైనా దూరమైనా బెల్టు తిరిగే వ్యాసం మారుతుంది, దాంతో రేషియో (చక్రం ఒక చుట్టుకు ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) మారుతుంది. యాక్టివాలో ఉన్నదీ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ బెల్టు రబ్బరుది.

ఒక గట్టి మలుపు తిరిగాక బావ యాక్సిలరేటర్ బాగా తొక్కాడు. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా 5,000 దాటింది. స్పీడోమీటర్ ముల్లు ఆ తర్వాత నిదానంగా లేచింది. వెనక సీట్లో ఉన్న మా తమ్ముడు, “ఏంది బావా, ఇంజన్ అరుస్తా ఉంది గానీ బండి కదల్లేదే!” అన్నాడు.

ఇది లోపం కాదు. పవర్ అంతా కావాలని అడిగితే సీవీటీ ఇంజన్‌ను పవర్ ఎక్కువగా వచ్చే చోటికి తీసుకుపోయి అక్కడే నిలబెడుతుంది. లెక్క ప్రకారం వేగానికి అదే సరైన పద్ధతి. 1993లో విలియమ్స్ జట్టు ఫార్ములా వన్ కారులో సీవీటీ పెట్టి డేవిడ్ కూల్తార్డ్‌తో పరీక్షించింది. రేసుకు రాకముందే, 1994 నిబంధనల్లో దాన్ని నిషేధించారు.

మరి ఘాట్‌లో నాకెందుకు నచ్చలేదు? మాన్యువల్‌లో రెండో గేరులో ఉంటే శబ్దం, వేగం కలిసి పెరుగుతాయి. మీటర్ చూడకుండానే వచ్చే మలుపుకు ఎంత వేగంతో పోతున్నానో చెవి చెప్పేస్తుంది. సీవీటీలో చెవికి ఆ సమాచారం అందదు. కళ్లు రోడ్డు మీదే ఉండాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు.

జనవరి, పెడల్ పద్ధతి మార్చాక

సీవీటీని మాన్యువల్‌లా తొక్కకూడదు. మలుపు సగంలో ఉండగానే పెడల్‌ను మెల్లగా సగం దాకా నొక్కి అక్కడే పట్టుకుంటే రేషియో ముందే సర్దుకుంటుంది, అరుపు తగ్గుతుంది, లాగుడు తొందరగా అందుతుంది. పెడల్‌ను వదలడం, మళ్లీ తొక్కడం చేస్తే ప్రతిసారీ మొదటికొస్తుంది.

స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్స్ (వేలితో మెట్టు మార్చే మీటలు) ఇంకా ఉపయోగం. డి (మామూలు డ్రైవ్) మోడ్‌లో నొక్కితే కాసేపటికి బండి తిరిగి ఆటోమేటిక్‌కు పోతుంది. ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో నొక్కితే మనం పెట్టిన మెట్టు దగ్గరే ఉంటుంది. విడి గేర్లు లేకపోయినా, గేర్లలా రేషియోను ఒక్కోచోట ఆపే మెట్లు ఏడున్నాయి. ఘాట్‌కు ఎస్ మోడే సరి. శబ్దానికీ వేగానికీ ఉన్న లంకె చాలావరకు తిరిగొచ్చింది. బావ మొహం వెలిగిపోయింది.

ఫిబ్రవరి, తిరుమల నుంచి దిగేటప్పుడు

కిందికి 40 నిమిషాలకంటే ముందు వస్తే జరిమానా, పైకైతే 28. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో. సగటు వేగం 30 కూడా దాటదు కాబట్టి ఇంజన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండి వేగాన్ని పట్టి ఉంచడం) చూసుకోవడానికి మంచి చోటు. నా బండి రెండో గేరులో దానంతటదే పట్టుకొని దిగింది, బ్రేక్ అవసరమైన చోట మాత్రమే వాడాను. సీవీటీని డి మోడ్‌లో వదిలేస్తే మాటిమాటికీ బ్రేక్ తొక్కాల్సి వచ్చింది. ఎస్ మోడ్‌లో ప్యాడిల్‌తో కింది మెట్టు పెట్టాక తేడా వెంటనే తెలిసింది. అలిపిరిలో దిగి చక్రాల దగ్గర వాసన చూశాం. రెండింటిలోనూ బ్రేకులు కాలిన వాసన లేదు. సీవీటీతో కొండకు వచ్చేవాళ్లు ఈ ఒక్కటైనా నేర్చుకొని రావాలి.

టౌన్ సంగతి వేరే చెప్పాలా? తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఎడమకాలికి విశ్రాంతి కావాలంటే సీవీటీయే. మైలేజీలోనూ కంపెనీ లెక్క దానివైపే: లీటరుకు 18.4 కి.మీ., మాన్యువల్‌కు 17.8.

మెయింటెనెన్స్ మాట. సీవీటీకి హోండా వాళ్ల హెచ్‌సీఎఫ్-2 అనే సీవీటీ ఆయిలే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి, పుల్లీలు దెబ్బతింటాయి. బయట మెకానిక్ దగ్గర మార్పిస్తే డబ్బా మీద పేరు మీరే చదవండి. మాన్యువల్‌లో ఆ టెన్షన్ తక్కువ గానీ, ఘాట్ ఎక్కేటప్పుడు క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటుంటే క్లచ్ ప్లేట్ త్వరగా పోతుంది. హ్యాండ్‌బ్రేక్ వాడండి.

ఇప్పటికైతే ఘాట్‌కు నా ఓటు మాన్యువల్‌కే. ఇంతవరకు చూసినవన్నీ బండికి ఇద్దరు ముగ్గురుతోనే. మార్చిలో హార్స్‌లీ హిల్స్‌కు నలుగురేసి ఎక్కి, ఏసీ వేసుకొని పోతాం. బరువు మీద సీవీటీ ఎస్ మోడ్‌లో ఎట్లా లాగుతుందో అక్కడ చూడాలి.