మా బడి హాల్లో మాట వినబడాలంటే

నేను చదువుకున్న బడిలో హాలుకి నూరేళ్లు దాటాయి. గానుగ సున్నం గోడలు, నాపరాళ్ల నేల, టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాస్ టెర్రస్ కప్పు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, కానీ మైకులో ఎవరేం మాట్లాడినా హోరే. మొన్న వార్షికోత్సవంలో ఏడో తరగతి పాప పద్యం చదువుతుంటే మూడో వరసలో వాళ్లమ్మ ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరీ విన్నా ఒక్క ముక్క అందలేదు. ఎవరో వాల్యూమ్ పెంచారు, ఇంకా పాడైంది.

పెంచితే పాడవుతుంది మరి. గట్టి గోడకి తగిలిన శబ్దం చావదు, ముందు అక్షరం ఇంకా మోగుతుండగానే తరవాతది వచ్చి దాని మీద పడుతుంది. ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి ఫోన్లో రికార్డ్ చేస్తే మోత ఆగడానికి మూడు సెకన్లు పట్టింది. మాటకి ఒక సెకను, కాస్త అటూఇటూ ఉంటే చాలు.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలుకీ ఇదే జబ్బు, అక్కడైతే ఐదున్నర సెకన్లు. వాలెస్ సబీన్ అనే కుర్ర ఫిజిక్స్ మాస్టారు పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు రాత్రిళ్లు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊదించి మోత ఎంతసేపుంటుందో కొలిచాడు. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, శబ్దాన్ని పూర్తిగా పీల్చే విస్తీర్ణం ఎన్ని చదరపు మీటర్లకి సమానమో దాంతో భాగిస్తే సెకన్లు వస్తాయన్న లెక్క ఆయనదే.

మా హాలు 1,200 ఘనమీటర్లు. ఆ లెక్కన ఇప్పుడు పీల్చుకునేది 64 చదరపు మీటర్లంత, కావలసింది 160. నూట యాభై మంది పిల్లలు కూర్చుంటే ఆ 96 లోటులో సగానికి పైగా వాళ్లే పూడుస్తారు, మిగిలిన నలభైకీ రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) పలకలు ఖాదీ గుడ్డ చుట్టి పెడదామని నా ప్రతిపాదన. గోడకి ఒక్క మేకు కూడా కొట్టొద్దు, దూలాల నుంచి వేలాడదీయాలి, వెనక ఖాళీ వదలాలి. సున్నం గోడకి గాలి ఆడాలి, పైగా ఆ ఖాళీ వల్ల బొంగురు మోత, అంటే మంద్రస్థాయి శబ్దం కూడా తగ్గుతుంది. గుడ్ల అట్టలు అంటించమన్నవాళ్లున్నారు, దయచేసి వద్దు, బొంగురు మోతకి అవి పనిచేయవు సరికదా నిప్పంటుకుంటే క్షణాల్లో అంటుకుపోతాయి.

పోయిన ఆదివారం ఇళ్ల నుంచి పన్నెండు దూది పరుపులు ఆటోలో తెచ్చి వెనక గోడకి ఆనించి చూశాం. మూడు సెకన్లు కాస్తా రెండుంబావుకి వచ్చింది. ఆ పాపని పిలిచి మైకు లేకుండా పద్యం చదవమన్నాం, వాళ్లమ్మ ఆఖరి బెంచీలో కూర్చుంది. ఈసారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకోలేదు.