చప్టా మీద పగులు

నిద్ర పట్టట్లేదు. బావి చప్టా మీద పగులే కళ్ల ముందు తిరుగుతోంది.

సాయంత్రం కింద పోర్షన్ ఆవిడ దుప్పట్లు ఉతుకుతుంటే చూశా. సబ్బు నీళ్లు కాలవ వైపు పోకుండా వర పక్కనున్న పగుల్లోకి పోతున్నాయి, నురగ కాసేపు అక్కడే ఆగి బుడగలు బుడగలుగా లోపలికి గుంజుకుపోయింది. నా చిటికెన వేలు దూరేంత సందు. అందులో పోయిన నీళ్లు వర వెంబడి జారి మళ్లీ బావిలోకే కదా! "కాస్త అవతలికి జరిగి ఉతుక్కోకూడదా అండీ" అని గట్టిగానే అనేశా. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

మా ఆయనకి చెప్తే, "కుళాయి వస్తోంది, తాగేది క్యాను నీళ్లు, ఇంకా ఆ బావెందుకు, ఓ ట్రాక్టర్ రబ్బిష్ తోలించి పూడ్చేద్దాం" అన్నారు. నిజానికి పోయిన వారం ఆ మాట అన్నది నేనే, బుజ్జిగాడు గట్టెక్కి తొంగి చూస్తుంటే గుండె ఆగినంత పనై. కానీ ఇవాళ ఆయన నోట వింటే ఒళ్లు మండింది. బావిలో పడింది బావిలోనే ఉండిపోదుగా, బ్రాడీపేటలో ఈ వీధి వీధంతా బోర్లే, అందరం తోడుకునేది ఈ నేల కిందవే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్ల బోరు మూతి రోజుల తరబడి మురుగులో మునిగింది, తర్వాత మోటార్ వేస్తే ఎంత వాసనో ఆయనే చూసొచ్చారు. అయినా రబ్బిష్ అంటారు.

తెనాలి దగ్గర తాతయ్య వాళ్లూళ్లో ఎండాకాలం పూడిక తీయించడం పండగలా ఉండేది. ముందు లాంతరు వెలిగించి తాడు కట్టి దింపేవాళ్లు, అది ఆరిపోతే లోపల గాలి బాలేదని ఆ రోజుకి మనిషిని దించేవాళ్లు కాదు. దిగినాయన గంపలకి గంపలు నల్లటి బురద పైకి పంపేవాడు, అందులో ఓసారి మా అమ్మమ్మ ఇత్తడి చెంబు దొరికింది, ఎన్నేళ్ల కిందట జారిపడిందో, అమ్మమ్మ దాన్ని చింతపండుతో తోమి తోమి నవ్వుతూనే ఉంది. తర్వాత తాతయ్య వర లోపలంతా కొబ్బరిపీచుతో రుద్దించేవాడు, చుట్టూ చప్టా వాలు సరిగ్గా ఉందో లేదో ఓ బిందె నీళ్లు పోసి చూసేవాడు. నీళ్లు ఒక్క చుక్క నిలిచినా మేస్త్రికి కబురు.

మా మేస్త్రి సంగతి మాత్రం అడక్కండి. మూడో ఆదివారం ఇది, "దార్లో ఉన్నానమ్మా" అనడం, ఫోన్ కట్టేయడం. రెండు తట్టల సిమెంట్ పని!

బ్లీచింగ్ లెక్క నేనే వేసుకున్నా. వర అడ్డం 4 అడుగులు, నీళ్లు 10 అడుగులు, అంటే దాదాపు 3,500 లీటర్లు, వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల చొప్పున 9 గ్రాములు చాలు. ఈయన అరకిలో ప్యాకెట్ మొత్తం గుమ్మరిద్దామన్నారు. ముద్దగా కలిపి, బకెట్లో నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే చేదలో దింపి కలియతిప్పాలి, గంటసేపు ముట్టుకోకూడదు. కానీ పగులు మూయకుండా ఎంత పోసినా ఏం లాభం.

ఇనప జాలీ మూత వేయిస్తా, పూడ్పించను, అదైతే ఖాయం. కింద ఆవిడకి పొద్దున్నే కాఫీ పట్టుకెళ్లి సారీ చెప్పాలి, పగులు బాగుచేయించాల్సింది మేము, ఆవిణ్ణెందుకన్నానో.

ఇందాక టార్చ్ వేసుకుని కిందికి వెళ్లి చూశా. చప్టా అంతా ఆరిపోయింది, పగులు చుట్టూ మాత్రం ఇంకా తడిగానే ఉంది.