బెజవాడ నుంచి హెలీ స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లకి

హెలీ స్కీయింగ్ అంటే హెలికాప్టర్‌లో కొండ మీదికి వెళ్లి, కాళ్లకి కట్టుకున్న స్కీ పలకలతో మంచు వాలు మీద జారుతూ దిగడం. బెజవాడ వాళ్లని కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో ముందు ఇబ్బంది పెట్టేది చలి కాదు, ఎత్తు. ఊరే సుమారు 2,650 మీటర్లు. రెండ్రోజులు ముందే చేరండి. మామూలు వాలు మీద స్కీలు అదుపులో లేనివాళ్లు అసలు వెళ్లొద్దు.

పొద్దున గైడ్ చేయించే మంచుచరియల డ్రిల్లే అసలు సంగతి. ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్లని వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే పరికరం) జాకెట్ లోపల కట్టుకోవాలి, ఫోన్ దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే సిగ్నల్ చెడుతుంది. బ్యాగులో పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఉండాలి. మంచుచరియ కింద పడ్డవాళ్లని పది నిమిషాల్లో తవ్వి తీయాల్సింది పక్కనున్న మీరే.

హెలికాప్టర్ ఎక్కడమంటే గన్నవరంలో విమానం ఎక్కినట్టు కాదు. స్కీలు భుజాన వద్దు, నడుము కిందే అడ్డంగా పట్టుకోవాలి. తోక వైపు అస్సలు పోకూడదు. దిగాక అది లేచిపోయేదాకా మోకాళ్ల మీదే ఉండాలి. వాలు మీద ఒక్కొక్కరే దిగాలి.

మబ్బు కమ్మితే ఎగరరు. తిరుగు టికెట్ కాస్త ఆలస్యపు తేదీకి పెట్టుకోండి.